ముప్ఫై ఏళ్ళ స్త్రీకి దవడ కింద వాపు

జూన్ 7

తాతయ్యా,

నవ్వకు. ఈ కాగితం పైన "పూజ్యులైన అమ్మమ్మగారికి" అని అచ్చేసి ఉంది చూశావా, అది నువ్వే.

కోచింగ్ సెంటర్లో చేరగానే మా ఫోన్లన్నీ తీసుకుని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. పై చదువు ప్రవేశ పరీక్ష అయ్యాకే మళ్ళీ వాటి మొహం చూసేది. దానికి బదులు ఆదివారం ఆదివారం ఒక ఉత్తరం రాయాలి. దీన్ని 'అమ్మమ్మ పద్ధతి' అంటారు. ఆ వారం చదివిన పాఠం ఇంట్లో ఉన్న పెద్దావిడకి మన మాటల్లో చెప్పాలి. ఆవిడకి అర్థమైతే మనకి వచ్చినట్టే లెక్క. నాకు అమ్మమ్మ లేదండీ, తాతయ్య ఉన్నాడు అన్నాను. పేర్లు రాసుకునే ఆయన తలెత్తకుండా "ఆ గడి లేదమ్మా" అన్నాడు. అలా నువ్వు అమ్మమ్మవయ్యావు. మా నాన్నకి తండ్రివి, నాకు అమ్మమ్మవి. ఇంతకన్నా కష్టమైన చుట్టరికం మా పుస్తకంలో కూడా లేదు.

వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ ఉత్తరాల సారు చదువుతారు. సిలబస్‌లో లేని మాట కనపడితే ఎర్ర సిరాతో కొట్టేస్తారు. కాబట్టి అమ్మ ఎలా ఉంది అని నేను అడగడం లేదు.

ఇక పాఠం. నమిలే కండరాలు నాలుగు. చెంప మీద చెయ్యి పెట్టి పళ్ళు బిగించు. గట్టిపడిందే, అది మాసెటర్. కణత మీద పెట్టి మళ్ళీ బిగించు. అక్కడ కదిలేది టెంపొరాలిస్. మిగతా రెండూ లోపల దాక్కుని ఉంటాయి, చుట్టాలొస్తే నువ్వు దాక్కున్నట్టు.

మా క్లాసులో పుర్రె ఒకటుంది. ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లకి గొలుసుతో కట్టేశారు. కింది దవడ మాత్రం ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారట. అందుకని దవడ పాఠమంతా సారు గాల్లో చూపిస్తారు. మేం గాల్లోకి చూసి రాసుకుంటాం. పళ్ళ డాక్టరు చదువు పాసై వచ్చినవాళ్ళమే అందరం, కానీ ఇక్కడికొచ్చాక ఒక్క నోరు కూడా చూడలేదు. అడిగితే డైరెక్టర్ గారు "నోరు ర్యాంకు వచ్చాక చూద్దువుగాని. ముందు ప్రశ్న చూడు" అంటారు.

నీ చిలక్కొయ్య

(ఎర్ర సిరాలో: చుట్టాల ప్రస్తావన సిలబస్ కాదు. ఈసారికి వదిలేశాం.)

*

జూన్ 13

చిలక్కొయ్యకి, తాతయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. అమ్మమ్మనయ్యాను. సరే.

మీ అమ్మ పొద్దుట్నుంచీ "అమ్మమ్మగారూ, కాఫీ" అంటోంది. తాగాను.

చెంప మీద చెయ్యి పెట్టి బిగించాను. గట్టిపడింది. కణత కూడా కదిలింది. మీ నాన్న చూసి తలనొప్పా నాన్నా అన్నాడు. కాదు, చదువుకుంటున్నాను అన్నాను. మీ నాన్న మీ అమ్మ వైపు చూశాడు.

ఒక మాట. చెప్పొద్దనే అనుకున్నాను. భోజనానికి కూర్చోగానే నాకు కుడి దవడ కింద ఉబ్బుతోంది. ద్రాక్షపండంత. లాగినట్టు నొప్పి. తిన్న కాసేపటికి అదే దిగిపోతుంది. పుల్లటిది నోట్లో పడితే ఇంకా తొందరగా వస్తుంది. వీధి చివరి పళ్ళ డాక్టరుకి చూపించాను. పన్ను వల్ల అన్నాడు, తీసేద్దాం అన్నాడు. నా పళ్ళు ఇప్పటికీ ఒక్కటి కదల్లేదు, నీకు తెలుసు. ఆ మాట ఆయనతో అందామనుకున్నాను. అప్పటికి నోరు తెరిచి ఉంది.

మీ అమ్మ వేడి అంటోంది. పక్కింటాయన నరం అంటున్నాడు. నేను వయసు అనుకుంటున్నాను.

నువ్వేమంటావు?

తాతయ్య

(ఉత్తరం మీద అడ్డంగా, ఎర్ర సిరాలో: అమ్మమ్మగారికి. ఇంటివారి ఆరోగ్యం సిలబస్‌లో లేదు. విద్యార్థిని మనసు చెదిరే అవకాశం ఉన్నందున ఉత్తరం ఆమెకు ఇవ్వకుండా తమకే వాపసు చేస్తున్నాం. విషయం ముఖ్యమని తోస్తే నాలుగు ఆప్షన్లతో ప్రశ్న రూపంలో పంపగలరు. ఉత్తరాల విభాగం.)

*

జూన్ 23

చిలక్కొయ్యకి, తాతయ్య దీవెనలు.

ఇంతకుముందు ఒక ఉత్తరం రాశాను. దారిలో వెనక్కి తిరిగింది. పర్వాలేదు. నేను పనిచేసిన లిఫ్టు కూడా అంతే, ఎక్కినవాళ్ళంతా పైకి పోయేవాళ్ళు కాదు. కొందరు అద్దంలో చూసుకుని దిగిపోయేవారు.

మీ సారు చెప్పినట్టు ప్రశ్న రాస్తున్నాను. బళ్ళో జవాబులు రాయడమే రాలేదు నాకు. ప్రశ్న రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఏమనుకోకు.

ప్రశ్న. ఒక ముప్ఫై ఏళ్ళ స్త్రీకి భోజనం వేళ కుడి దవడ కింద ఉబ్బుతుంది. తిన్నాక దిగిపోతుంది. పులుపుకి ఎక్కువవుతుంది. కారణం ఏమిటి?
ఎ) పన్ను
బి) వేడి
సి) నరం
డి) వయసు

ఈ స్త్రీ నాకు తెలిసిన మనిషే. నువ్వు కంగారు పడాల్సింది ఏమీ లేదు. తొందర కూడా లేదు. కొంచెం తొందరగా రాయి.

తాతయ్య

*

జూన్ 28

తాతయ్యా,

నువ్వు ప్రశ్న రాశావా! నోట్లోంచి మాట పడితే పగిలిపోతుందన్నట్టు ఉండే మనిషివి, నాలుగు ఆప్షన్లు ఇచ్చావా! ఉత్తరాల సారు నీ కాగితం తీసుకెళ్ళి డైరెక్టర్ గారికి చూపించారు. ఆయన క్లాసులో పైకి చదివి "అమ్మమ్మలే ప్రశ్నలు పెడుతున్నారు, మీరు జవాబులు పెట్టలేరా" అని మమ్మల్ని తిట్టారు. పక్కన కూర్చున్న పిల్ల "మీ అమ్మమ్మ ఏం చదివింది?" అని అడిగింది. "లిఫ్టు" అన్నాను.

జవాబు చెప్తాను. ఇక్కడ పద్ధతేమిటంటే, ముందు కానివి కొట్టేయాలి. వేడి సిలబస్‌లో లేదు, పోయింది. నరమైతే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, వాపు రాదు, పోయింది. ముప్ఫై ఏళ్ళకి వయసు మీద నెట్టకూడదు, అదీ పోయింది. ఇక మిగిలింది పన్ను. కాబట్టి ఎ.

నిజం చెప్పాలంటే ప్రశ్న చదవగానే నాకు తట్టింది వేరు. భోజనం వేళే వచ్చి తర్వాత పోతోందంటే, అది

(ఇక్కడ కొన్ని వరుసలు కనపడకుండా ఎర్రగా కొట్టేసి ఉన్నాయి. పక్కన: ఆప్షన్లలో లేని జవాబు రాయరాదు. సమయం వృథా.)

అదీ సంగతి. ఇచ్చిన నాలుగింట్లోనే జవాబు ఉంటుంది, బయట వెతికేవాళ్ళకి ర్యాంకు రాదు అంటారు డైరెక్టర్ గారు. ఆయన నీ ప్రశ్నని ఇంకా పెంచి పంపమన్నారు. ఆ స్త్రీ వృత్తి, అలవాట్లు, తర్వాత ఏమైంది, అన్నీ కావాలట.

ఈ వారం మెడ రక్తనాళాలు చేశాం. వచ్చే వారం లాలాజల గ్రంథులు రావాలి గానీ వదిలేయమన్నారు. ఈ ఏడాది వాటి మీద అడగరట. ఎవరు చెప్పారో ఆయనకి.

ఉత్తరాల సారుని చూస్తే జాలేస్తుంది. భోజనాల దగ్గర మూల బల్ల మీద ఒక్కరే, చెంప కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు. ఇంతమంది అమ్మమ్మల గొడవలు చదివీ చదివీ అలా అయ్యారేమో.

నీ చిలక్కొయ్య

*

జులై 7

చిలక్కొయ్యకి, తాతయ్య దీవెనలు.

నీ జవాబు అందింది. ఎ.

ఎర్రగా కొట్టేసిన చోట మీ అమ్మ దీపానికి అడ్డం పెట్టి చదువుదామంది. వద్దన్నాను. కొట్టేసింది చదవడం మర్యాద కాదు. లిఫ్టులో ఎన్నో మాటలు చెవిన పడేవి. నేను గోడకేసి చూసేవాణ్ణి.

ఆ స్త్రీకి పన్ను తీశారు. గట్టి పన్ను. డాక్టరు ఒక కాలు కుర్చీకి తన్నిపెట్టి లాగాడు. బయటికొచ్చాక చేతిలో తిప్పి చూసుకుని "ఇంత గట్టి పన్ను నా సర్వీసులో తీయలేదండీ" అని మెచ్చుకున్నాడు. అంత గట్టిదైతే ఎందుకు తీసినట్టు అని ఆ స్త్రీ అడగలేదు. నోట్లో దూది ఉంది.

వాపు మాత్రం తగ్గలేదు. ఇంటికొచ్చి గంజి నోట్లో పెట్టుకోగానే మామూలుగా వచ్చి కూర్చుంది.

మీ డైరెక్టర్ గారు అడిగినవి రాస్తున్నాను.

వృత్తి. లిఫ్టు నడపడం. ముప్ఫై ఏళ్ళు నడిపింది.
అలవాట్లు. తక్కువ మాట్లాడడం.
ఇతర విషయాలు. పొద్దున్నే గడ్డం గీసుకునేటప్పుడు వాపు తెలియదు. భోజనమయ్యాక గీసుకుంటే కత్తికి తగులుతుంది.

ఇప్పుడు డాక్టరు ఆ వరసలో ఇంకోటి అయ్యుంటుంది అంటున్నాడు. ఆగస్టు మొదటి ఆదివారం రమ్మన్నాడు. నీ జవాబు వస్తేనే వెళ్తానంటోంది ఆ స్త్రీ. ఆమెకి నీ మాటంటే గురి.

ప్రశ్న. ఇప్పుడు ఏది తీయాలి?
ఎ) పక్క పన్ను
బి) దాని పక్కది
సి) ఆ రెండూ
డి) కుడి వైపు కిందివి అన్నీ

తాతయ్య

*

జులై 19

పూజ్యులైన అమ్మమ్మగారూ,

ఈసారి అచ్చులో ఉన్నట్టే పిలుస్తున్నాను, ఎందుకంటే నీకు బిరుదొచ్చింది! ఈ కవరులోనే ఉంది చూడు, 'ఉత్తమ అమ్మమ్మ' యోగ్యతాపత్రం. చుట్టూ బంగారు రంగు తీగ, మధ్యలో పువ్వులాంటి దంతం. ఇంట్లో గోడకి పెట్టించు. కాదంటే నేను అలుగుతాను.

నీ ఉత్తరం నాకు మొత్తం ఇవ్వలేదు. నీ ప్రశ్న ఇక్కడ మాకు పెట్టే పెద్ద మోడల్ పరీక్షలో పెడుతున్నారట, ముందే నా కంటపడితే అన్యాయమని కత్తెరతో కోసేశారు. నా చేతికి వచ్చింది పైన "దీవెనలు", కింద ఆప్షన్లు, మధ్యలో కిటికీ. ఆ కిటికీలోంచి మా రూములో ఫ్యాను కనిపిస్తోంది.

ఆప్షన్లు చూశాను. ప్రశ్న లేకుండా జవాబు చెప్పడమే మాకు ఇక్కడ అసలు శిక్షణ, కాబట్టి చెప్తాను. చివర్లో 'అన్నీ' ఉంది కదా. 'అన్నీ' ఉన్నచోట 'అన్నీ' పెట్టు అనేది ఇక్కడ బంగారు సూత్రం. గుమ్మం మీద బోర్డు రాయించి పెట్టారు. కాబట్టి డి. కళ్ళు మూసుకుని డి.

క్షణం ఖాళీ లేదు తాతయ్యా. రాత్రి కలలో కూడా ముఖ నరం అయిదు కొమ్మలేసుకుని వచ్చి "నా పేర్లు చెప్పు" అంటోంది.

నీ చిలక్కొయ్య

(ఎర్ర సిరాలో: జవాబు సరైనది. అభినందనలు.)

*

జులై 26

చిలక్కొయ్యకి, తాతయ్య దీవెనలు.

డి. అర్థమైంది.

ఆ స్త్రీకి చెప్పాను.

ఆదివారం పొద్దున మీ అమ్మని తోడు తీసుకుని వెళ్తుంది. ఈ వారమంతా గట్టివి తింటోంది. వేయించిన వేరుశనగలు, జామకాయ, రొట్టె అంచులు. మీ అమ్మ ఎందుకిప్పుడు అంది. తర్వాత తిందామన్నా లాభం లేదు కదా అంది ఆ స్త్రీ.

బిరుదు గోడకి పెట్టారు. పక్కింటాయన చూసి వెళ్ళాడు. ఏమీ అడగలేదు. మంచివాడు.

నువ్వు బాగా రాయి పరీక్ష. మా గురించి ఆలోచించకు. ఆలోచించడానికి ఇక్కడ ఏమీ లేదు.

తాతయ్య

(ఎర్ర సిరాలో: పరీక్ష ముందు వారం కావున ఉత్తరం ఆపడమైనది. ఆగస్టు 3న ఇవ్వబడును.)

*

ఆగస్టు 2

తాతయ్యా,

ఇది వాళ్ళ కాగితం కాదు. ప్రశ్నపత్రం వెనక రాస్తున్నాను. వాచ్‌మన్ తన చేత్తో పోస్టు డబ్బాలో వేస్తానన్నాడు, కాబట్టి ఎర్ర సిరా పడదు.

పొద్దున ఫోన్లో నీ మీద అరిచాను. ఎందుకు అరిచానో నీకు తెలియాలి కదా.

పరీక్ష హాల్లో వందమందికి పైగా ఉన్నాం. సగం అయ్యాక నీ ప్రశ్న వచ్చింది. ముప్ఫై ఏళ్ళ స్త్రీ, లిఫ్టు నడుపుతుంది అని చదివి, తాతయ్య ఉద్యోగం పెట్టాడు అని నవ్వుకున్నాను. ముప్ఫై ఏళ్ళు నడిపింది అన్నచోట నవ్వు ఆగింది. గడ్డం గీసుకునేటప్పుడు అన్నచోట పెన్ను ఆగింది. చుట్టూ చూశాను. అందరూ టకటకా డి పెట్టి పేజీ తిప్పేస్తున్నారు. లేచి నిలబడ్డాను.

"సార్, ఈ ప్రశ్న తప్పు."

"ఏం తప్పు?" అన్నారు డైరెక్టర్ గారు.

"ముప్ఫై ఏళ్ళ స్త్రీ గడ్డం గీసుకుంటోంది సార్."

"అలాంటివి దారి తప్పించడానికి వేస్తారమ్మా. పట్టించుకోకు. జవాబు పెట్టి ముందుకెళ్ళు."

"ముప్ఫై ఏళ్ళకే ముప్ఫై ఏళ్ళ సర్వీసుంది సార్."

"పుట్టగానే చేరిందేమో, నీకెందుకు? కూర్చో. మైనస్ మార్కు పడుతుంది."

"సార్, ఈవిడ మా తాతయ్య."

హాలంతా ఘొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "అమ్మమ్మ అని రాసుందే మా దగ్గర" అన్నారు.

ఒక పన్ను పోయిందనీ, ఆగస్టు మొదటి ఆదివారం మళ్ళీ రమ్మన్నారనీ ప్రశ్నలోనే ఉంది, అంటే ఇవాళే. బయటికి పరుగెత్తాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలి ఫోను తీసుకుని అమ్మకి చేస్తే, "మామయ్యగారు కుర్చీలో ఉన్నారే. నోరు తెరిచేశారు. తర్వాత చెయ్యి" అంది. "ఆయన చెవికి పెట్టు!" అని కేక వేశాను. అప్పుడే నిన్ను ఆ మాట అన్నాను. తప్పయిపోయింది.

ఇప్పుడు విను. నీకు పన్ను జబ్బేమీ లేదు. దవడ కింద లాలాజలం తయారుచేసే గ్రంథి ఒకటుంది. దాని గొట్టం నాలుక కింద తెరుచుకుంటుంది. గ్రంథి కింద, నోరు పైన. ఉమ్మి ఎత్తెక్కాలి. చిక్కటి ఉమ్మి, పొడుగు దారి, అందుకని మధ్యలో మడ్డి పేరుకుని రాయి కడుతుంది, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నట్టు. భోజనం చూడగానే గ్రంథి ఉమ్మి పంపిస్తుంది. రాయి అడ్డం. వెనక ఉబ్బుతుంది. తిన్నాక సందులోంచి మెల్లిగా జారుకుంటుంది, వాపు దిగుతుంది. పులుపుకి ఉమ్మి ఎక్కువ ఊరుతుంది, వాపూ ఎక్కువే.

నాకు ఇదంతా మొదటి రోజే తెలుసు తాతయ్యా. ఎర్రగా కొట్టేసిన వరుసల్లో ఇదే ఉంది. తెలిసీ ఎ అని రాశాను, ఎందుకంటే నాలుగింట్లో అది లేదు. తెలిసీ రెండోసారి, ప్రశ్న కూడా చూడకుండా, కళ్ళు మూసుకుని డి అన్నాను. నీ నోరు అది.

నువ్వైనా నాకు తిన్నగా చెప్పొద్దా? ఎవరావిడ, ముప్ఫై ఏళ్ళ ఆవిడ? ఎక్కడ పట్టావు ఆవిడని?

వచ్చే ఆదివారం వస్తున్నాను. పర్మిషన్ అడగను. ఈలోగా బాగా నీళ్ళు తాగు. నిమ్మబద్ద చప్పరించు. ఆ వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళకు.

చిలక్కొయ్య

*

ఆగస్టు 16

చిలక్కొయ్యకి, తాతయ్య దీవెనలు.

నువ్వు వచ్చినప్పుడు కొన్ని అడిగావు. ఎదురుగా చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

స్త్రీ అని ఎందుకు రాశానంటే, అమ్మమ్మ పేరున నడిచే ఉత్తరాలు కదా. అందులో మగమనిషి కనపడితే మీ సారు మళ్ళీ వాపసు చేస్తాడనుకున్నాను. వయసు అసలుది రాస్తే నువ్వు భయపడతావు. ముప్ఫై అయితే ఎవరూ భయపడరు. నా ముప్ఫయ్యో ఏట నాకు ఏ జబ్బూ లేదు.

కుర్చీ సంగతి. డాక్టరు సూది పట్టుకుని వస్తున్నాడు. నోట్లో అద్దం పెట్టి ఉంది. మీ అమ్మ ఫోను చెవికి ఆనించింది. నువ్వు "నోరు మూసుకో తాతయ్యా!" అన్నావు. ఇన్నేళ్ళ నా బతుకులో ఆ మాట నన్ను ఎవరూ అనలేదు. అనాల్సిన పని పడలేదు. వెంటనే మూసేశాను. అద్దం లోపలే ఉండిపోయింది. డాక్టరు పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. "వదలండి" అన్నాడు. వదల్లేదు. మాసెటర్ గట్టిపడిందని చేత్తో చూసుకోకుండానే తెలిసింది. మీ అమ్మ "మా మామయ్యగారు ఇక తెరవరండీ, మీ అద్దం రేపు పంపిస్తాం" అంది. చివరికి నేనే ఇచ్చేశాను. పాపం, ఆయన వస్తువు.

నువ్వు వచ్చిన రోజు చెయ్యి కడుక్కుని ఒక వేలు నాలుక కింద, ఇంకో చేతి వేలు దవడ కింద పెట్టావు. కళ్ళు మూసుకుని వెతికావు. "ఉంది" అన్నావు. చిన్నప్పుడు మంచం కింద దొర్లిన గోళీ దొరికితే అలాగే అనేదానివి.

నువ్వు వెళ్ళాక నువ్వు చెప్పినట్టే చేశాను. నీళ్ళు. నిమ్మబద్ద. వెనక నుంచి ముందుకి వేలితో నిమరడం. గురువారం భోజనం దగ్గర నాలుక కింద ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఉమ్మితో వచ్చింది. బియ్యపు గింజంత. పసుపుగా ఉంది. వాపు దిగింది. మళ్ళీ రాలేదు.

మీ అమ్మ చూసి, "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు, మామయ్యగారికి సొంత రాయే ఉంది" అంది. నవ్వాను. తీసిన పంటి సందులోంచి గాలి వచ్చింది.

రాయిని దూదిలో చుట్టి ఇందులో పెడుతున్నాను. మీ డైరెక్టర్ గారికి చూపించు. ఆయన తప్పని కాదు. చూడలేదేమో అని.

తాతయ్య

(ఎర్ర సిరాలో: కవరులో రాయి ఉన్నది. సిలబస్‌లో లేదు. అయినను అందజేయడమైనది.)

*

ఆగస్టు 23

తాతయ్యా,

రాయి అందింది. డైరెక్టర్ గారి బల్ల మీద తెల్ల కాగితం పరిచి పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. "ఇది ఆప్షన్లలో లేదు కదమ్మా" అన్నారు. నోట్లో ఉంది సార్ అన్నాను. "నోరు వేరు, కీ వేరు. అచ్చయ్యాక కీ మారదు" అన్నారు. ఆఖరికి పెద్ద మనసు చేసుకుని ఆ ప్రశ్న రద్దు చేసి అందరికీ ఒక మార్కు కలిపారు. నాకు తప్ప. పరీక్ష మధ్యలో లేచి వెళ్ళినందుకు ఒకటి తీసేశారు. గోడ మీద ర్యాంకుల పట్టీలో నా పేరు వెతకాలంటే వంగాలి ఇప్పుడు. గుమ్మం మీద బంగారు సూత్రం బోర్డు మాత్రం అలాగే ఉంది.

నీ బిరుదు కూడా వెనక్కి పంపమన్నారు. స్త్రీకి ఇవ్వాల్సింది పొరపాటున వెళ్ళిందట. పంపకు.

చదువు మానను. పరీక్ష రాస్తాను, బాగానే రాస్తాను. కానీ ఆదివారాలు మా పాత కాలేజీ ఆస్పత్రికి వెళ్తున్నాను. అక్కడ మేడమ్‌ని అడిగితే, వచ్చి నోళ్ళు చూడు, ఎవరు వద్దన్నారు అంది. పోయిన వారం పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాను. ఒక్కళ్ళు కూడా ఆప్షన్లు ఇవ్వలేదు. "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తారు అంతే. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నీ పన్ను సంగతి తలుచుకున్నప్పుడల్లా నా పళ్ళన్నీ జివ్వుమంటున్నాయి. పై చదువు అయ్యాక ఆ ఖాళీలో పన్ను నేనే కడతాను. అందాకా ఇంకెవరినీ నోట్లో చెయ్యి పెట్టనివ్వకు.

నీ చిలక్కొయ్య

(ఉత్తరం అడుగున, ఎర్ర సిరాలో, చిన్న అక్షరాలతో: అమ్మమ్మగారికి నమస్కారాలు. ఒక ప్రశ్న. ఒక ముప్ఫై ఏళ్ళ స్త్రీకి చాలా కాలంగా భోజనం వేళ ఎడమ దవడ కింద ఉబ్బుతోంది. తిన్నాక దిగుతుంది. ఆమె ఈ విషయం ఎవరితోనూ చెప్పలేదు. రోజంతా ఇతరుల ఉత్తరాలు చదివే ఉద్యోగం. ఆమెకు మీసాలు ఉన్నాయి. ఆప్షన్లు తోచలేదు. ఇది సిలబస్‌లో లేదు, తెలుసు. ఉత్తరాల విభాగం.)

*

ఆగస్టు 29

చిలక్కొయ్యకి, తాతయ్య దీవెనలు.

నేను బాగున్నాను. ఖాళీ వైపు నమలడం అలవాటవుతోంది. బిరుదు గోడ మీదే ఉంది.

కింద నాలుగు మాటలు మీ ఉత్తరాల సారుకి. నువ్వు చదివినా పర్వాలేదు.

అయ్యా, ఆ స్త్రీకి నా మాటగా చెప్పండి. ప్రశ్న రాయొద్దు. ఆదివారం మా మనవరాలు ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు వెంట వెళ్ళమనండి. కుర్చీలో కూర్చుని, నోరు తెరవక ముందే, నొప్పి ఎక్కడో చెప్పమనండి. తెరిచాక చెప్పలేం. సిగ్గుపడొద్దనండి. సిగ్గు వల్ల నాకు ఒక పన్ను పోయింది. గట్టి పన్ను.

తాతయ్య